అతిథి చెల్లించిన పన్ను ఎవరి సొమ్ము?

గృహస్థునకు ఇల్లు మూడు విధముల ఉపయోగపడును. అందు తాను నివసించును. బంధువులను, అతిథులను ఆదరించును. అవసరమైనచో దానిని అద్దెకిచ్చి కొంత ఆదాయము పొందును. మొదటి రెండింటి ధర్మమును పెద్దలు విస్తారముగా బోధించియున్నారు. మూడవదానిని గూర్చి, అందును ఒకటి రెండు రాత్రుల కొరకు పరిచయము లేనివారికి గది యిచ్చి వెల తీసికొనుటను గూర్చి, విచారణ తక్కువగా జరిగినది. గోదావరి మండలములలో ఈ విచారణ నేడు అవసరమైనది.

ఈ ప్రాంతమునకు యాత్రికుల రాక కొత్త కాదు. పంచారామములలో నాలుగు, అనగా ద్రాక్షారామము, సామర్లకోట, పాలకొల్లు, భీమవరము, గోదావరి జిల్లాలలోనే ఉన్నవి. కార్తికమాసమున, శివరాత్రికి వేలాది భక్తులు ఒకే దినమున వీటిని దర్శింప బయలుదేరుదురు. సంక్రాంతికి భీమవరము, కోనసీమ ప్రాంతములకు దూరదేశములలోని ఉద్యోగస్థులు, వారి స్నేహితులు వచ్చెదరు. దిండి, పాపికొండలు చూడవచ్చువారు వేరు. 12 సంవత్సరములకొకమారు వచ్చు పుష్కరములు 2015 జూలైలో జరిగినవి. తిరిగి 2027లో రానున్నవి. రాజమహేంద్రవరములో కోటిలింగాల రేవు, పుష్కర రేవు సమీపమున మేడగదులున్న గృహస్థులకు, ఆ గదులకు సున్నము వేయించి యాత్రికులకు దినవారీ అద్దెకీయవలెనను తలపు కలుగుట సహజము. ఇందు దోషమేమియు లేదు. అయితే ఆ అద్దెతోపాటు ‘పన్ను’ అనునది ఒకటి చేతికి వచ్చును, లేదా రావలసియుండును. అది ఎవరి సొమ్ము? దానిని ఎవరు, ఎప్పుడు, ఎవరికి ఈయవలెను? ఇది పైకి లెక్కల విషయమువలె కనిపించినను, లోపల సదాచార విషయమే.

మొదట అతిథికి, అద్దెకు దిగిన యాత్రికునకు గల భేదమును గుర్తింపవలెను. తిథి వార నియమము లేక వచ్చి, ఆకలిగొని వాకిట నిలచినవాడు అతిథి. వానికిచ్చిన అన్నమునకు, చాపకు వెల లేదు. వెల యున్నచో అది ఆతిథ్యము కాదు. శరణులు దీనిని దాసోహముగా ఉద్ధరించిరి. తన కాయకమున వచ్చిన దానిని తనదని తలపక, సమాజరూపమున నున్న జంగమమునకు సమర్పించుటయే దాసోహము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున శ్రీశైలమునకు పోవు శివరాత్రి యాత్రికుల సమూహములను వర్ణించెను. అట్టి యాత్రలు భక్తుల ఉదారత వలననే సాగినవి. ఆ చరిత్రకు నాయకులైన మల్లికార్జున పండితారాధ్యులవారు ఈ గోదావరీ సీమలోని ద్రాక్షారామము వారే. బసవేశ్వరుని దర్శింపబోవుచు, దారిలోనే ఆయన లింగైక్యవార్త విని దుఃఖించిన పండితారాధ్యుల కథ వీరశైవ కుటుంబములన్నిటికి తెలిసినదే.

అట్టి సీమలో నేడు గదికి వెల కట్టుట పతనమా? కానక్కరలేదు. ఇంటిని శుభ్రపరచి, పక్కబట్టలు ఉతికించి, నీరు, దీపము సమకూర్చి, తగిన వెల తీసికొనుట ఒక కాయకమే. నేయువాడు వస్త్రమును, కుమ్మరి కుండను అమ్మినట్లే, గృహస్థుడు ఒక రాత్రి విశ్రాంతిని సమకూర్చుచున్నాడు. శరణుల దృష్టిలో నిజాయితీగల ఏ వృత్తియు హీనము కాదు. దాసోహమునకు దాని గౌరవము, కాయకమునకు దాని గౌరవము కలవు. చిక్కు వచ్చునది ఈ రెంటిని కలగలిపినప్పుడు. వెల తీసికొనునప్పుడు వ్యాపారిగా తీసికొని, పన్ను మాట వచ్చినప్పుడు ‘మేము అతిథులను ఆదరించువారము, మాకు పన్నేమిటి?’ అనినచో ఆ మాటలో సత్యము లేదు. వెల పుచ్చుకొన్న క్షణముననే అతిథి అనిపించుకొన్నవాడు కొనుగోలుదారుడైనాడు. గృహస్థుడు ఆ మేరకు వ్యాపారియైనాడు. వ్యాపారికి వ్యాపారి ధర్మము వర్తించును.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొనవలెను. తెలియని దానిపై ధర్మనిర్ణయము చేయుట చీకటిలో త్రాసు పట్టుట వంటిది. గోదావరి జిల్లాలు మదరాసు రాజధానిలోనున్న కాలమున, 1939లో, రాజగోపాలాచారి మంత్రివర్గము సాధారణ అమ్మకపు పన్నును ప్రవేశపెట్టెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1957లో రాష్ట్రమునకు సొంత అమ్మకపు పన్ను చట్టము వచ్చెను. 2005లో దాని స్థానమున వ్యాట్ వచ్చెను. ఇవి సరకులపై పన్నులు. వసతిగదుల అద్దెపై 1987 నాటి విలాస పన్ను చట్టము వేరుగా ఉండెడిది. 2017 జూలై 1 నుండి ఇట్టి పన్నులు చాలవరకు జి.ఎస్.టి.లో కలిసిపోయినవి. దినమునకు రూ. 1,000 వరకు ఉన్న గదికి మొదట మినహాయింపు ఉండెడిది. 2022 జూలై 18న దానిని తొలగించి 12 శాతము విధించిరి. 2025 సెప్టెంబరు 22 నుండి దినమునకు రూ. 7,500 వరకు ఉన్న గదికి 5 శాతము, అంతకు మించినదానికి 18 శాతము పన్ను అమలులోనికి వచ్చినది. ఆ పన్నులో సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు చెందును.

ఈ పన్ను అందరిపై పడదు. సేవలు అందించువాని సాలుసరి మొత్తము వ్యాపారము రూ. 20 లక్షలకు మించనిచో, సాధారణముగా అతడు రిజిస్ట్రేషన్ పొందనక్కరలేదు. పన్ను వసూలు చేయనక్కరలేదు. కుటుంబము కాపురముండుటకు నెలవారీగా ఇచ్చిన ఇంటి మాట వేరు. దానికి ఈ దినవారీ వసతి నియమము వర్తింపదు. ఇచట ‘మొత్తము వ్యాపారము’ అను మాటను జాగ్రత్తగా గ్రహింపవలెను. అది ఒక్క గదుల అద్దె లెక్క కాదు. ఒకే పాన్ నంబరుపై ఆ వ్యక్తి చేయు వ్యాపారములన్నిటి కూడిక.

ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. రాజమహేంద్రవరములో నదికి దగ్గరగా ఒక గృహస్థునకు నాలుగు గదులు కలవనుకొందము. పుష్కరములు జరుగు 12 దినములును, దినమునకు గది ఒక్కింటికి రూ. 1,500 చొప్పున ఇచ్చినచో వచ్చునది రూ. 72,000. అతడు ఉద్యోగవిరమణ చేసి పింఛనుపై జీవించువాడు, వేరు వ్యాపారము లేనివాడు అయినచో, అతనిపై జి.ఎస్.టి. బాధ్యత లేదు. అతడు నిర్భయముగా తన అద్దె తాను తీసికొనవచ్చును. ఇప్పుడు అట్టి నాలుగు గదులే, అంతే అద్దెకు, ప్రక్క వీధిలోని బట్టల వర్తకుడు ఇచ్చెననుకొందము. అతని దుకాణము సాధారణ పద్ధతిలో జి.ఎస్.టి. క్రింద రిజిస్టరై యున్నది. గదుల అద్దె అతని వ్యాపారములో భాగమే. గదికి రూ. 75 చొప్పున, మొత్తముమీద రూ. 3,600 అతడు పన్నుగా చెల్లింపవలెను. మరియొకడు ఆరు గదులను సంవత్సరములో 250 రాత్రులు అదే అద్దెకిచ్చినచో, రూ. 22,50,000 అగును, దుకాణము లేకున్నను అతడు రిజిస్టరు కావలసినవాడే. గదులు ఒకే తీరుగా ఉన్నవి, అద్దె ఒకటే. బాధ్యతలు మాత్రము వేరు. కనుక ‘ప్రక్కింటివాడు కట్టుట లేదు, నేనెందుకు కట్టవలెను?’ అను ప్రశ్నకు మొదటి సమాధానము, ప్రక్కింటివాని బాధ్యత వేరు కావచ్చుననుటయే.

ఆన్‌లైన్ సంస్థల ద్వారా గదులిచ్చువారికి ఇంకొక నియమము కలదు. రిజిస్టరు కానక్కరలేని చిన్న గృహస్థుడు అట్టి సంస్థ ద్వారా గది యిచ్చినచో, ఆ సంస్థయే యాత్రికుని నుండి పన్ను తీసికొని ప్రభుత్వమునకు కట్టవలెను. గృహస్థుడు యాత్రికుడు గడపలో అడుగు పెట్టిన పిమ్మట మరల పన్ను అడుగరాదు. గృహస్థుని వ్యాపారము 20 లక్షలకు మించి అతడే రిజిస్టరు కావలసి వచ్చినచో, బాధ్యత అతనిదే. సంస్థ కట్టుచున్నదని ఊరకుండరాదు.

చట్టము ఇంతవరకు. ఇక ధర్మము. ఆదాయపు పన్ను మనుజుడు తన సంపాదనలో నుండి తీసి యిచ్చునది. అది ఇచ్చునప్పుడు మనస్సు పీకుట సహజము. జి.ఎస్.టి. స్వభావము అట్టిది కాదు. అది యాత్రికుని చేతి నుండి బయలుదేరి, గృహస్థుని చేతి మీదుగా, ఖజానాకు చేరవలసిన సొమ్ము. దారిలో అది గృహస్థుని పెట్టెలో కొన్ని దినములుండును. అంతమాత్రమున అది అతనిది కాదు. తీర్థయాత్రకు పోవు పొరుగువాడు తన నగలను ఇల్లడగా ఇచ్చిపోయినచో, అవి పెట్టెలో నున్నవని ఎవడును కూతునకు పెట్టి పంపడు. అట్లు చేసినవానిని లోకము ఏమందురో చెప్పనక్కరలేదు. పన్ను పేరిట తీసికొన్న సొమ్మును వాడుకొనువాడు అదియే చేయుచున్నాడు. ఇల్లడ పెట్టినవాడు ఒక వ్యక్తి కాక ప్రజలందరు అగుటచేత ఆ తప్పు కంటికి కనిపింపదు. కనిపింపనంత మాత్రమున అది తప్పు కాకపోదు.

ఈ విషయమున చట్టము, ధర్మము ఒకే మాట చెప్పుట గమనింపదగినది. 2017 నాటి కేంద్ర జి.ఎస్.టి. చట్టములోని 32వ సెక్షను ప్రకారము, రిజిస్టరు కానివాడు పన్ను పేరిట ఏమియు వసూలు చేయరాదు. 76వ సెక్షను ప్రకారము, పన్ను అని చెప్పి ఎవడైనను సొమ్ము తీసికొన్నచో, ఆ సేవపై నిజముగా పన్ను ఉన్నను లేకున్నను, ఆ సొమ్మును వెంటనే ప్రభుత్వమునకు జమ చేయవలెను. అనగా, ఆ పేరు పెట్టి తీసికొన్న పైసా గృహస్థునిది కాజాలదు. పైన చెప్పిన పింఛనుదారుడు తన అద్దె రూ. 1,500 కాక, ‘జి.ఎస్.టి. రూ. 75’ అని అదనముగా తీసికొని తానుంచుకొన్నచో, పన్ను ఎగవేసినవానికంటె మేలైనవాడు కాడు. తనకు అద్దె చాలకున్నచో రూ. 1,575 అని అద్దెగానే చెప్పవచ్చును. లేని పన్ను పేరు చెప్పుట అసత్యము, ఆ సొమ్ము ఉంచుకొనుట పరధనాపహరణము. రెండు దోషములు ఒక రసీదులో చేరినవి.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ ఇచట స్మరింపదగినది. మారయ్య కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము నడపెడివాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నాటి దాసోహమునకు మించినది ఆశయేనని చెప్పి, ఆ అధికమును ఎచట తెచ్చితివో అచటనే వేసి రమ్మని భర్తను పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు. ఎవరును అడ్డు చెప్పలేదు. ఆ దంపతులు పేదవారు. అయినను అది తమ కాయకమునకు చెందినది కాదని ఆమె గుర్తించెను. లక్కమ్మ చూపు నేటి గృహిణికి కూడ కావలసినది. రాత్రి లెక్క చూచుకొనునప్పుడు, ‘ఇందు అద్దె ఎంత? పన్ను ఎంత? మనది కానిది ఎంత?’ అని అడుగగల ఇల్లాలున్న ఇంట సదాచారము నిలుచును.

బసవేశ్వరుడు స్వయముగా బిజ్జలుని కొలువున భండారాధికారి. పరుల సొమ్మును కాపాడుటయే ఆయన కాయకము. రాజధనమును జంగములకు పెట్టి ఖజానాను ఖాళీ చేయుచున్నాడని కిట్టనివారు బిజ్జలునికి కొండెములు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. బసవేశ్వరుడు పెట్టెలు తెరిపించి చూపెను. ధనము లెక్కకు తక్కువ కాలేదు. సోమనాథుడు బసవ పురాణమున చెప్పిన ఈ కథను భక్తులు మహిమగా విందురు. అట్లు వినుట యుక్తమే. అందు మహిమతోపాటు ఒక నడవడి కూడ కలదు. లెక్క అడిగినప్పుడు ఆయన అధికారమును చూపి కసురుకొనలేదు, భక్తిని అడ్డుపెట్టుకొనలేదు. సభాముఖమున పెట్టెలు తెరచుటకు సిద్ధపడెను. దాసోహము చేయు చేతికి లెక్క చెప్పు ధైర్యము కూడ ఉండవలెనని ఆ కథ చెప్పుచున్నది. బసవని పేరు చెప్పుకొను గృహస్థుడు తన అద్దె పుస్తకమును ఎవరడిగినను తెరవగల స్థితిలో ఉండవలెను.

దీనికి ఎదురువాదములు లేకపోలేదు. అవి తేలికగా త్రోసివేయదగినవి కావు.

ప్రభుత్వము వసూలు చేసిన సొమ్మును దుర్వినియోగము చేయుచున్నదని కొందరందురు. అట్టి సందర్భములు లేవని ఎవరును అనలేరు. కాని ఇల్లడ పుచ్చుకొన్నవాడు, సొంతదారు తన నగలను తరువాత ఎట్లు వాడుకొనునో విచారించి అప్పగింత మానరాదు. దుర్వినియోగమును ప్రశ్నించుటకు పౌరునకు ఓటు, సభ, పత్రిక, న్యాయస్థానము కలవు. పన్ను కట్టినవాని ప్రశ్నకు బలమెక్కువ. మరియు ఆ సొమ్ము పోవు చోటులన్నియు చెడ్డవి కావు. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన కాటన్ దొరను ఈ మండలము నేటికిని తలచుచున్నది. ఆ ఆనకట్ట, దాని కాలువలు ఏ ఒక్క గృహస్థుని ధనముతోను వచ్చునవి కావు. 2015 జూలై 14న, పుష్కరముల మొదటి దినముననే, రాజమహేంద్రవరము పుష్కర రేవులో తొక్కిసలాట జరిగి యాత్రికులు ప్రాణములు కోల్పోయిరి. రేవుల వెడల్పు, త్రోవల విభజన, త్రాగునీరు, వైద్యము, పారిశుద్ధ్యము, రక్షకభటులు అనునవి యాత్రికుని ప్రాణముతో ముడిపడినవని ఆ దుర్దినము నేర్పినది. యాత్రికుల రాక వలన లాభపడు ఇల్లు, వారి క్షేమమునకు పోవలసిన భాగమును దాచుకొనుట ఎట్లు సమంజసమగును?

చిన్నవానిపైననే పన్ను భారము పడుచున్నదని మరికొందరందురు. ఇందు కొంత న్యాయము కలదు. అందుచేతనే చట్టమున 20 లక్షల హద్దు ఏర్పడినది. ఆ హద్దు లోపల నున్నవాడు పన్ను కట్టకుండుట దోషము కాదు. అది అతని హక్కు. కట్టనక్కరలేనివాడు భయముతో కట్టుట పుణ్యమును కాదు. అయితే హద్దు దాటినవాడు, ఒకే ఇంటిని భార్య పేర రెండు గదులు, తమ్ముని పేర రెండు గదులు అని కాగితముపై విభజించి హద్దు లోపల నున్నట్లు చూపుట వేరు సంగతి. నిజముగా అన్నదమ్ములు పంచుకొని, ఎవరి భాగము వారు నడుపుకొనుచు, ఎవరి రాబడి వారు అనుభవించుచున్నచో అది సత్యము. రాబడి అంతయు ఒకే పెట్టెలో పడుచు పేర్లు మాత్రము వేరైనచో అది సత్యము కాదు. ఈ భేదము అధికారికి తెలియకపోవచ్చును. ఆ ఇంటి అంగలింగమునకు తెలియును.

పన్ను కలిపినచో అద్దె పెరిగి యాత్రికుడు ప్రక్క ఇంటికి పోవునని ఇంకొందరి భయము. ఈ భయమునుండియే ‘రసీదు కావలెనా, వద్దా?’ అను బేరము పుట్టినది. రసీదు వద్దన్నవానికి ధర తక్కువ. సంక్రాంతి దినములలో గదుల వెల ఆకాశమునంటినప్పుడు ఇంకొక ఉపాయము కనిపించును. రూ. 8,000 పలికిన గదికి 18 శాతము చొప్పున పన్ను రూ. 1,440 అగును. బిల్లుపై రూ. 7,400 వ్రాసి, తక్కిన 600 చేతిలో పుచ్చుకొన్నచో 5 శాతముతో తీరును. ఇందు యాత్రికునకు లాభము, గృహస్థునకు లాభము, నష్టపడినవాడెవడును లేడని తోచును. నష్టపడినవాడు కలడు. సరియైన బిల్లు వ్రాయు ప్రక్క లాడ్జి యజమాని తన నిజాయితీ వలననే బేరము పోగొట్టుకొనుచున్నాడు. నిజాయితీపరుడు నష్టపడు బజారును తయారు చేయుట, ఒక్క దొంగతనముకంటె పెద్ద అపకారము. అంతేకాక, ఆ బేరము జరుగునప్పుడు వాకిట కూర్చుండి చదువుకొను పిల్లవాడు వినుచున్నాడు. ఉదయము లింగపూజలో అతనికి నేర్పిన సత్యము, సాయంకాలము అరుగుమీద అబద్ధమైపోవుచున్నది.

పన్నును దోపిడిగానే చూచువారు చరిత్రను కూడ స్మరింపవలెను. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన శాసనమునకు అభయశాసనమని పేరు. అంతకుముందు గాలివానకు ఒడ్డున పడిన ఓడల సరకును రాజులు దోచుకొనెడివారు. గణపతిదేవుడు ఆ దోపిడిని మాని, నిర్ణీతమైన సుంకము మాత్రమే తీసికొందునని వర్తకులకు అభయమిచ్చెను. ఎంత ఈయవలెనో ముందుగా తెలిసిన పన్ను, ఇచ్చువానికి రక్షణయే. అది ఇరువైపుల నుండి నిలుపుకొనవలసిన ఒడంబడిక. పాలకుడు నిర్ణయించినదానికి మించి తీసికొనరాదు. ప్రజ నిర్ణయించినదానిని దాచరాదు.

మఠములకు, భక్తమండలుల సత్రములకు కూడ ఈ విచారణ వర్తించును. వెల లేక ఇచ్చిన వసతికి పన్ను ప్రశ్నయే లేదు. ఆదాయపు పన్ను చట్టము క్రింద ధార్మిక సంస్థగా నమోదైన మఠము, సర్వజనులకు తెరచియున్న తన ధార్మిక స్థలపు ఆవరణలో గదులను దినమునకు రూ. 1,000 కంటె తక్కువకు ఇచ్చినచో మినహాయింపు కలదు. కల్యాణమండపమునకు ఆ హద్దు దినమునకు రూ. 10,000. అమృతసరము స్వర్ణమందిర సమీపపు సరాయిల విషయమున చర్చ వచ్చినప్పుడు, ఆవరణము వెలుపలనున్నను అట్టి సంస్థల వసతులకు ఈ మినహాయింపు వర్తించునని 2022 ఆగస్టులో కేంద్రము వివరణ ఇచ్చెను. చట్టము దాసోహ సంప్రదాయమును ఈ మేరకు గౌరవించినది. ఆ గౌరవమును కాపాడుకొనుట మఠముల పని. గదికి రూ. 1,500 ఇచ్చిననే తాళపుచెవి ఇచ్చెదమని నియమము పెట్టి, ఆ సొమ్మునకు ‘విరాళము’ అని పేరు వ్రాయుట తగదు. ఇచ్చినను ఈయకున్నను గది దొరకునది విరాళము. ఈయనిచో దొరకనిది అద్దె. పేరు మార్చినంత మాత్రమున స్వభావము మారదు. భక్తి పేరును పన్ను తప్పించుకొను తెరగా వాడినచో, పన్ను నష్టముకంటె భక్తికి వచ్చు నష్టమెక్కువ. గురుపీఠములు ఈ విషయమున గృహస్థులకు ముందు నడువవలసినవి.

ఆచరణ కఠినము కాదు. గదులు అద్దెకీయ తలచిన కుటుంబము మొదట తన మొత్తము వ్యాపారమును లెక్క చూచుకొని, హద్దు లోపల నున్నదో లేదో తేల్చుకొనవలెను. సందేహమున్నచో ఆడిటరునో, పన్నుల కార్యాలయమునో అడుగవలెను. చట్టములో రేట్లు మారుచుండును గనుక ఏటేట అడుగుట మంచిది. బాధ్యత లేనివారు పన్ను పేరెత్తక అద్దె మాత్రమే చెప్పవలెను. బాధ్యత కలవారు ప్రతి యాత్రికునికి, అడిగినను అడుగకున్నను, బిల్లు ఈయవలెను. పన్ను సొమ్మును అద్దెతో కలపక, వేరు డబ్బాలోనో, వేరు బ్యాంకు ఖాతాలోనో ఉంచవలెను. విభూతి భరిణెలో చిల్లర పైసలు వేయని ఇల్లు, ఇల్లడ డబ్బాలో చేయి పెట్టకుండుట నేర్చుకొనలేదా? ఇక దాసోహబుద్ధి మిక్కిలిగా కలవారికి అడ్డు లేదు. పుష్కరములలో నాలుగు గదులలో ఒక గదిని వృద్ధులకో, పేద యాత్రికులకో వెల లేక ఈయవచ్చును. అప్పుడు మూడు గదులు కాయకము, ఒక గది దాసోహము అగును. రెండును శుద్ధముగా నిలుచును.

పంచాచారములలో సదాచారము న్యాయార్జితమైన జీవనమును కోరును. భృత్యాచారము లోకమునకు సేవకుడనను వినయమును కోరును. ప్రజల సొమ్మును ఒక చేత తీసికొని, తడియారక ముందే వేరొక చేతితో ప్రజలకు అప్పగించు గృహస్థుడు ఈ రెంటిని ఒకేసారి పాటించినవాడగును. గోదావరిలో మునిగి లేచిన యాత్రికుడు పాపము నదిలో విడిచితినని నమ్మి ఇంటికి మరలును. వానికి గది యిచ్చిన గృహస్థుడు, ఆ రాత్రి దీపము క్రింద లెక్కపుస్తకము తెరచి, తనది కానిదానిని వేరుగా తీసి ఉంచి నిద్రించినచో, నదికి పోకయే అతడును శుద్ధుడగును.